పండగ వెళ్లాక వచ్చే అప్పు

విశాఖపట్నం కోటవీధిలో ఒక ఇంటి ముందు గది. రెండు మిషన్లు పడితే మనిషి పక్కకి తిరిగి నడవాల్సినంత ఇరుకు. ఒకటి మామూలు కుట్టుమిషన్, రెండోది పీకో మిషన్. గోడకి వరసగా మేకులు, వాటికి రంగుల వారీగా ఫాల్ గుడ్డలు. ఆమె మాట్లాడుతూనే చీర అంచుని వేలితో మడుస్తూ సూది కిందకి తోస్తోంది, ఒక్కసారి కూడా కిందకి చూడలేదు. "మేడమ్, నాకు పాతిక వేలు చాలు. కానీ ఈ వారంలో కావాలి. రంజాన్ నెల పడ్డాక సరుకు కొంటే హోల్‌సేల్‌లో మంచి డిజైన్లు మిగలవు" అంది.

అది 2025 ఫిబ్రవరి మూడో వారం. ఆమె అప్పటికే ఒక బ్యాంకులో దరఖాస్తు పెట్టుకుంది. మార్చి నెలాఖరు లోపు చూస్తామన్నారట. ఆ ఏడాది రంజాన్ పండగ మార్చి 31న వచ్చింది. బ్యాంకు లెక్కలు ముగిసే రోజూ అదే. అంటే బ్యాంకు మాట నిలబెట్టుకున్నా, ఆమె చేతికి డబ్బు అందేది ఊరంతా కొత్త బట్టలు కట్టుకుని నమాజుకి వెళ్లే రోజున. ఆ డబ్బుతో ఆమె ఎవరికి బట్టలు అమ్మాలి?

నేను బ్యాంకులో 31 ఏళ్లు పనిచేశాను. అందులో సగం కాలం ఫీల్డ్ ఆఫీసర్‌గా, అంటే చిన్న అప్పుల దరఖాస్తులు చూసే పనే. రిటైరయ్యాక, 2020 లాక్‌డౌన్ తర్వాత, మేం పన్నెండు మందిమి తలా కొంత వేసుకుని ఒక చిన్న పొదుపు సంఘం పెట్టాం. 1995 నాటి పరస్పర సహాయక సహకార సంఘాల చట్టం కింద రిజిస్టర్ చేయించాం, మ్యాక్స్ చట్టం అంటారు. సభ్యులకే అప్పులు. పది వేల నుంచి యాభై వేల దాకా. ఎక్కువ మంది ముస్లింలు, క్రైస్తవులు, చిన్న చిన్న పనులు చేసుకునేవాళ్లు. ఈ ఐదేళ్లలో నాకు గట్టిగా అర్థమైన విషయం ఒకటే. చిన్న వ్యాపారికి అప్పు ఎంత చవగ్గా వచ్చిందన్నది రెండో ప్రశ్న. ఏ రోజున వచ్చిందన్నది మొదటి ప్రశ్న. మన పథకాలన్నీ రెండో ప్రశ్న చుట్టూనే తిరుగుతున్నాయి. ఎంత సబ్సిడీ, ఎంత వడ్డీ రాయితీ, ఎంతమంది లబ్ధిదారులు అంటారు. దరఖాస్తుకీ డబ్బుకీ మధ్య ఎన్ని రోజులు పట్టిందని ఏ సమీక్షలోనూ ఎవరూ అడగగా నేను వినలేదు.

డైలీ ఫైనాన్స్ అతను ఎందుకు బతుకుతున్నాడో ఒకసారి చూడండి. పూర్ణా మార్కెట్ చుట్టుపక్కల ఎవర్ని అడిగినా చెబుతారు. పది వేలు అంటాడు, ముందే వెయ్యి కోసుకుని తొమ్మిది వేలు చేతిలో పెడతాడు. రోజుకి వంద చొప్పున వంద రోజులు కట్టాలి. వినడానికి వెయ్యే కదా అనిపిస్తుంది. కానీ రోజూ అసలు తరుగుతూ వస్తుంది కాబట్టి, లెక్క కడితే ఏడాదికి 75 శాతం దాటిపోతుంది. ఐదు రూపాయల వడ్డీ కన్నా ఎక్కువన్నమాట. ఈ లెక్క వాళ్లకి తెలియక కాదు. నేను ఒకావిడకి కాగితం మీద వేసి చూపిస్తే, "తెలుసమ్మా, మరేటి చేస్తాం? ఆడు ఫోన్ చేసిన గంటలో వస్తాడు" అంది. హుద్‌హుద్ తుఫాను అప్పుడు, 2014 అక్టోబరులో, ఊళ్లో కరెంటు లేదు, ఏటీఎంలు పనిచేయలేదు. నీళ్లూ పాలూ దొరకని ఆ రోజుల్లో కూడా తోపుడుబళ్ల వాళ్లకి మళ్లీ సరుకు కొనుక్కోమని డబ్బిచ్చింది ఆ డైలీ ఫైనాన్స్ వాళ్లే. మా బ్రాంచి తలుపులు తెరిచేసరికి వాళ్లు నాలుగు వాయిదాలు వసూలు చేసుకున్నారు కూడా. అంత వడ్డీ గుంజే మనిషిని పల్లెత్తు మాట అనకుండా జనం భరిస్తున్నారంటే, సమయం విలువ వాళ్లకి ఎంత తెలుసో చూడండి.

నేను ఈ పని మొదలుపెట్టినప్పుడు మా ఇంట్లోనే అడిగారు, పేదరికానికి మతం ఏమిటి, మైనారిటీలకని వేరే ఎందుకు అని. అడిగినవాళ్లు మంచివాళ్లే, అడగాల్సిన ప్రశ్నే. దానికి నా జవాబు పుస్తకాల్లోంచి కాదు, నా ఉద్యోగంలోంచే వస్తుంది. నేను కొత్తగా ఫీల్డ్ ఆఫీసర్‌గా చేరిన బ్రాంచిలో ఒక పెద్దాయన నాకు ఊరి మ్యాపు చెప్పినట్టు వీధులు చెప్పారు. ఇక్కడ ఇవ్వచ్చు, ఇక్కడ చూసుకుని ఇవ్వాలి, ఆ వైపు మాత్రం వద్దమ్మా, రికవరీ కష్టం అని. రాతపూర్వకంగా ఏమీ లేదు. ఆ వైపు నుంచి వచ్చిన ఎన్నో దరఖాస్తుల మీద "లాభసాటి కాదు" అని రాసి వెనక్కి పంపాను. వెళ్లి చూడకుండానే రాశాను. ఆ వీధుల్లో పైసా ఎగ్గొట్టని వాళ్లు ఎంతమంది ఉన్నారో ఇప్పుడు నాకు ఇల్లిల్లూ తెలుసు. 2006 నవంబరులో, దేశంలో ముస్లింల స్థితిగతుల మీద సచార్ కమిటీ నివేదిక వచ్చినప్పుడు, కొన్ని బ్యాంకులు కొన్ని ప్రాంతాలను నెగెటివ్ జోన్లుగా, అంటే అప్పు ఇవ్వకూడని చోట్లుగా, పెట్టుకుంటున్నాయని అందులో చదివి నేను చాలాసేపు ఆ పేజీ తిప్పలేకపోయాను. ముస్లింలలో స్వయం ఉపాధి మీద బతికేవాళ్ల వాటా ఎక్కువనీ, బ్యాంకు అప్పుల్లో మాత్రం వాళ్లకి దక్కేది జనాభాలో వాళ్ల వాటా కంటే తక్కువనీ కూడా ఆ నివేదికే చెప్పింది. వీధిని చూసి తలుపు వేసినప్పుడు, ఆ వీధిని చూసే తలుపు తీయాలి. మతం పేరు చెప్పి కొత్తగా ఎవరికీ ఏదీ పంచిపెట్టడం లేదు, ఆగిపోయినదాన్ని కదుపుతున్నాం అంతే.

కాగితం మీద చూస్తే ఉన్న దారులు తక్కువేం కావు. జాతీయ మైనారిటీల అభివృద్ధి, ఆర్థిక సంస్థ 1994 నుంచీ ఉంది. రాష్ట్రంలో మైనారిటీస్ ఫైనాన్స్ కార్పొరేషన్ ఉంది, క్రైస్తవులకి వేరే కార్పొరేషన్ ఉంది. చిన్న వ్యాపారాలకి అప్పులిప్పించే కేంద్ర పథకం ముద్ర 2015 ఏప్రిల్‌లో వచ్చింది, శిశు విభాగంలో యాభై వేల దాకా హామీ అడక్కుండా ఇవ్వాలి. బ్యాంకుల ప్రాధాన్య రంగ అప్పుల్లో బలహీన వర్గాలకి ఇవ్వాల్సిన వాటా ఉంది, మైనారిటీలు అందులోకే వస్తారు. వీటిలో నేను మనస్ఫూర్తిగా మెచ్చుకునేది 2020 జూన్‌లో వీధి వ్యాపారుల కోసం వచ్చిన స్వనిధి. మొదట పది వేలు, సరిగ్గా కడితే ఇరవై వేలు, ఆ తర్వాత యాభై వేలు. 2025లో మొదటి మెట్టుని పదిహేను వేలకి, రెండోదాన్ని పాతిక వేలకి పెంచారు. చిన్నగా మొదలుపెట్టి, నమ్మకం పెరిగిన కొద్దీ పెంచడం, చిన్న అప్పు అంటే ఇలాగే ఉండాలి. కానీ కోటవీధి పీకో ఆవిడకి అది వర్తించదు. ఆమె వీధిలో కూర్చోదు, ఇంట్లో కూర్చుంటుంది. ఇంట్లో కూర్చుని పనిచేసే ఆడవాళ్లే మా సభ్యుల్లో సగానికి పైగా ఉన్నారు. పీకో, ఫాల్, మగ్గం వర్కు, పచ్చళ్లు, క్రిస్మస్‌కి కేకులు. వీళ్లెవరూ ఏ సర్వేకీ కనిపించరు.

గాజువాకలో సెంట్రింగ్ రేకులు అద్దెకిచ్చే ఒకతని సంగతి చెప్తాను. తాతల కాలం నుంచి చర్చికి వెళ్లే కుటుంబం. స్కూలు సర్టిఫికెట్‌లో మాత్రం ఎస్సీ అని ఉంది. అతను ముందు ఎస్సీల అప్పుల కోసం వెళ్తే, చర్చిలో పెళ్లి చేసుకున్నావు కదా అన్నారు. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు మొదట ప్రధానంగా హిందువులకే ఎస్సీ హోదా ఇచ్చింది, సిక్కులని 1956లో, బౌద్ధులని 1990లో చేర్చారు. క్రైస్తవం తీసుకున్న ఎస్సీలు మన రాష్ట్రంలో బీసీ-సీ కింద లెక్క. సరే, క్రైస్తవుల అప్పు కోసం వెళ్తే బీసీ-సీ సర్టిఫికెట్ తెమ్మన్నారు. అది కావాలంటే స్కూలు సర్టిఫికెట్‌లో అలా లేదే అన్నారు. మూడు ఆఫీసులు, మూడింటివాళ్లూ తమ నిబంధన ప్రకారం కరెక్టే. మనిషి మాత్రం బయటే నిలబడ్డాడు. అప్పుడు బిల్డింగు పనులు జోరుగా ఉన్నాయి, ఇంకో యాభై రేకులుంటే అద్దెకి పోయేవి. అతను చివరికి భార్య గాజులు తాకట్టు పెట్టి కొన్నాడు. మా దగ్గరికి వచ్చింది రేకుల కోసం కాదు, ఆ గాజులు విడిపించుకోవడం కోసం.

ఇంకో విషయం బ్యాంకుల్లో చాలామందికి తెలియదు, తెలిసినా పట్టించుకోరు. నమ్మకం గట్టిగా ఉన్న ముస్లిం కుటుంబాల్లో వడ్డీ తీసుకోవడమే కాదు, ఇవ్వడం కూడా తప్పే. రఘురామ్ రాజన్ కమిటీ 2008లో వడ్డీ లేని బ్యాంకింగ్‌కి వీలు కల్పించాలని సిఫారసు చేసింది. రిజర్వు బ్యాంకు 2017లో ఆ ఆలోచనని ముందుకు తీసుకెళ్లకూడదని నిర్ణయించింది. దాంతో ఈ కుటుంబాలకి మిగిలింది చుట్టాల దగ్గర చేబదులు, లేదంటే మనసు చంపుకుని వడ్డీ. మా సంఘంలో మొదటి ఆరు నెలలు దీని మీదే వాదన నడిచింది. చివరికి వడ్డీ తీసేశాం. ఖాతా పుస్తకాలు, ఆడిట్, గది అద్దె, ఒక అమ్మాయి జీతం, ఈ ఖర్చుని సభ్యులందరికీ పంచి ఏడాదికి ఒక మొత్తంగా తీసుకుంటాం. ఆలస్యమైనా అది పెరగదు. బ్యాంకు మనిషిగా నాకు మొదట్లో ఇది మింగుడుపడలేదు, ఆలస్యానికి జరిమానా లేకపోతే ఎవరు కడతారు అని టెన్షన్ పడ్డాను. కడుతున్నారు. జరిమానా పెరుగుతూ పోతేనే మనిషి మొహం చాటేస్తాడని, బాకీ ఎంతో రోజూ ఒకేలా తెలిసినప్పుడు ఎదురుపడి మాట్లాడతాడని నాకు ఇక్కడే తెలిసింది. మా సంఘంలో హిందూ సభ్యులు కూడా ఉన్నారు, వాళ్లకీ ఈ పద్ధతే నచ్చింది.

వాయిదా సంగతి అసలైనది. బ్యాంకు సాఫ్ట్‌వేర్‌కి అన్ని నెలలూ ఒకటే. మనుషులకి కాదు. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు తూర్పు తీరంలో మరబోట్ల వేట నిషేధం. ఫిషింగ్ హార్బర్ మీద ఆధారపడి ఎండుచేపలు అమ్మే ఆవిడకి మే నెల వాయిదా పెట్టడం అంటే ఆమెని నేరుగా డైలీ ఫైనాన్స్ దగ్గరికి పంపడమే. రంజాన్ ఏటా పదకొండు రోజుల దాకా ముందుకి జరుగుతుంది. 2024లో పండగ ఏప్రిల్ 11న, 2025లో మార్చి 31న. కాబట్టి దర్జీవాళ్ల వాయిదాల పట్టిక ప్రతి ఏడూ కొత్తగా రాయాలి. మేం పీకో ఆవిడకి మూడో రోజున పాతిక వేలు ఇచ్చాం. పండగ దాకా ఏమీ అడగలేదు. పండగ అయిన తర్వాతి ఆదివారం సగానికి పైగా తెచ్చి కట్టింది, మిగతాది పీకో డబ్బులతో నాలుగు నెలల్లో తీర్చింది. ఆమె చేసిన గొప్పతనం ఏమీ లేదు, మేం చేసిందీ లేదు. డబ్బు చేతికొచ్చే రోజున అడిగాం, అంతే.

వసూలుకి మేం పెట్టుకున్న ఒక నియమం ఉంది, దాని మీద నేను రాజీపడను. మసీదు దగ్గరా, చర్చి దగ్గరా బాకీ మాట ఎత్తకూడదు. శుక్రవారం నమాజు అయ్యాక అందరూ దొరుకుతారు, ఆదివారం ఆరాధన అయ్యాక దొరుకుతారు, వసూలుకి అంత సులువైన చోటు లేదు. కానీ మనిషి దేవుడి ముందు నిలబడి వచ్చిన నిమిషంలో అతన్ని బాకీదారుని చేయకూడదు. అలాగే గ్రూపు పూచీ కూడా పెట్టలేదు. ఒకరు కట్టకపోతే పదిమందీ వాళ్ల ఇంటి ముందు కూర్చోవడం అనే పద్ధతి మన రాష్ట్రంలో ఎక్కడిదాకా వెళ్లిందో చూశాం. ఆత్మహత్యల తర్వాత 2010 అక్టోబరులో ప్రభుత్వం మైక్రోఫైనాన్సు మీద ఆర్డినెన్సు తేవాల్సి వచ్చింది. పొరుగువాళ్లనే పోలీసుల్ని చేసే అప్పు నాకొద్దు. ఒక్క ష్యూరిటీ సంతకం చాలు, అది కూడా ఆ పని తెలిసినవాళ్లది. దర్జీకి దర్జీ, మెకానిక్‌కి మెకానిక్.

మేం దెబ్బతిన్న చోట్లు కూడా ఉన్నాయి. కంచరపాలెంలో ఒక మెకానిక్ పదిహేను వేలు అడిగితే, మంచి పనివాడు కదా, ఇంకొంచెం పెద్ద కంప్రెసర్ కొనుక్కోమని నేనే నలభై వేలు ఇప్పించాను. అతనికి పదిహేను వేల పనే ఉంది. మిగతా డబ్బు పిల్లాడి కాలేజీ ఫీజుకి పోయింది. అది తప్పు అని నేను అనను, ఏ తండ్రయినా అదే చేస్తాడు. కానీ కంప్రెసర్ సంపాదించే డబ్బుతో ఫీజు అప్పు తీరదు. అతను మా ఆఫీసు ముందు నుంచి వెళ్లడం మానేశాడు. నాలుగు నెలలు చుట్టూ తిరిగి వెళ్లేవాడని తర్వాత తెలిసింది. నేను వెళ్లి, తప్పు నాదే అని చెప్పి, నెలకి ఎంత వీలైతే అంతే కట్టమన్నాను. ఇంకా కడుతున్నాడు. అడిగినదాని కన్నా ఎక్కువ ఇవ్వడం సాయం కాదని అప్పటి నుంచి మా కమిటీలో ఎవరైనా పెంచుదాం అంటే నేనే అడ్డుపడతాను.

అందుకే సబ్సిడీ అంటే నాకు భయం. సబ్సిడీ ఉందంటే జనం అప్పు కోసం కాదు, సబ్సిడీ కోసం వరస కడతారు. మధ్యలో దళారీ వస్తాడు, ఫైలు కదిలించడానికి ఇంత అంటాడు. తొందరగా కావాల్సినవాడు వెనకబడతాడు, ఆగగలిగినవాడు ముందుంటాడు. ఆగగలిగినవాడికి అసలు అంత అవసరం ఉండదు కదా. ఇలా లెక్క వేసి చూడండి. ఒక మనిషికి లక్ష సబ్సిడీ ఇస్తే ఆ లక్ష అక్కడితో అయిపోతుంది. అదే లక్షని మాలాంటి సంఘానికి తిరిగే నిధిగా ఇస్తే, పది వేల చొప్పున పదిమందికి, నాలుగు నెలలకోసారి చేతులు మారితే ఏడాదికి ముప్పై మందికి అందుతుంది, ఏడాది చివర ఆ లక్ష దాదాపు అలాగే ఉంటుంది. జాతీయ సంస్థకి స్వచ్ఛంద సంస్థల ద్వారా చిన్న అప్పులిచ్చే పథకం ఇప్పటికే ఉంది. కొత్త చట్టం అక్కర్లేదు. ఆ దారిని వెడల్పు చేయమనే నేను అడిగేది. దానితో పాటు, ప్రతి కార్పొరేషనూ ప్రతి బ్యాంకు బ్రాంచీ దరఖాస్తు తేదీ, డబ్బు పడిన తేదీ రెండూ పక్కపక్కన రాసి గోడకి అంటించాలి. కలెక్టర్ సమీక్షలో లబ్ధిదారుల సంఖ్యకి ముందు ఆ రోజుల సంఖ్య చదవాలి.

పత్రాల విషయంలోనూ మనసు మారాలి. ఐటీ రిటర్నులు లేవని తిప్పి పంపే మనిషి ఫోన్‌లో ఏడాది ఫోన్‌పే లావాదేవీలు ఉంటాయి. పీకో ఆవిడ దగ్గర ఒక పాత డైరీ ఉంది. ఏ ఇంటి చీర, ఏ రంగు ఫాల్, ఎంత, బాకీ ఉందా, అన్నీ ఉర్దూలో రాసుకుంది, అంకెలు మాత్రం మనవి. నాకు ఉర్దూ రాదు. ఆమె కూతురు చదివి చెబుతుంటే అరగంట కూర్చుని విన్నాను. నా 31 ఏళ్ల ఉద్యోగంలో అంత నిజాయితీగా రాసిన ఆదాయ వివరాలు చాలా తక్కువ చూశాను.

ఇప్పుడు నా ముందున్న పని దూదేకుల తాతది. డెబ్బై దగ్గర పడ్డాయి, ఫోమ్ పరుపులు వచ్చాక కూడా బూరుగు దూది పరుపులు కుడుతున్నాడు, సంక్రాంతికి కొత్త అల్లుళ్లున్న ఇళ్లవాళ్లు ఇంకా వెతుక్కుంటూ వస్తారు. బూరుగు కాయ పగిలేది ఎండాకాలం మొదట్లో. ఏజెన్సీ సంతల్లో దూది అప్పుడే చవగ్గా దొరుకుతుంది, వానలు పడితే తడిసి బరువెక్కి ధర పెరుగుతుంది. అంటే అతనికి డబ్బు కావాల్సింది ఏప్రిల్‌లో, డబ్బు వచ్చేది జనవరిలో. దూదేకులవాళ్లు బీసీ-బీ కిందకి వస్తారు, ముస్లింలు కూడా కాబట్టి మైనారిటీ కార్పొరేషన్‌కీ వెళ్లచ్చు. రెండు దారులున్నాయని రెండుచోట్లా పెట్టాడు. ఒక చోట నుంచి, ఆదాయ ధృవపత్రం పాతదైపోయింది, కొత్తది తెమ్మని కబురొచ్చింది. వార్డు సచివాలయానికి నేనే తోడు వెళ్లాను. బయట బల్ల మీద కూర్చుని టోకెన్ కోసం చూస్తుంటే అడిగాడు, "ఇది ఎప్పుడికి వస్తాదమ్మా?"

నాకు తెలియదని చెప్పాను. సంఘం నుంచి పద్దెనిమిది వేలు సోమవారం ఇస్తాం, మొదటి వాయిదా సంక్రాంతి తర్వాతే అని కూడా చెప్పాను. అతను వెంటనే ఫోన్ తీసి, పాడేరు వైపు ఎవరితోనో మూటలు ఎన్ని ఉంచాలో మాట్లాడటం మొదలుపెట్టాడు.